నాగేశ్వర్రావుగారి ప్రపోజలూ, దడి అవతలి కొబ్బరిచెట్లూ

1978 వేసవి చివర్లో నన్ను అమలాపురం బ్రాంచికి డెవలప్‌మెంట్ ఆఫీసరుగా వేశారు. జీవిత బీమాలో ఈ హోదా ఏమిటో బయటివాళ్ళకి కాస్త చెప్పాలి. పాలసీలు రాసేది ఏజెంట్లు. ఆ ఏజెంట్లను వెతికి పట్టుకుని, పని నేర్పి, పార్టీ ముందు, అంటే పాలసీ కొనే మనిషి ముందు, వాళ్ళ నోరు పెగలనప్పుడు తన నోరు అరువిచ్చి, ఏడాది చివర కోటా చూపించవలసినవాడు డెవలప్‌మెంట్ ఆఫీసరు. ముమ్మిడివరం నుంచి రావులపాలెం దాకా నా పరిధి. బస్సున్నచోట బస్సు, లేనిచోట సైకిలు, సైకిలు కూడా నన్ను మోయలేనన్నచోట నడక.

మాది రామచంద్రపురంలో కిరాణా కొట్టు. చెప్పిన ధరకి సరుకు కొనుక్కుపోయేవాణ్ణి మా నాన్న జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు జాలిగా చూసేవాడు. ఆ కొట్లో నేర్చిన మాటలే నాకు ఈ ఉద్యోగం ఇప్పించాయి. ఆ కొట్లో తిన్న అటుకులూ బెల్లమూ నాకు ఈ ఒళ్ళు ఇచ్చాయి.

కొత్తపేట దగ్గర కొబ్బరి వ్యాపారి నాగేశ్వర్రావుగారు తనంతట తానే కబురు పెట్టి పాలసీ కావాలన్నారు. నా అనుభవంలో అలా అడిగినవాళ్ళు అరుదు. అడిగితే ముందు అనుమానించాలని మాకు నేర్పేవారు. ఆయన విషయంలో అనుమానించడానికి ఏమీ లేదు, అన్నీ ఎదురుగానే ఉన్నాయి. మనిషి బానపొట్టతో దిమ్మెలా కూర్చుని ఉన్నారు. తండ్రీ, అన్నగారూ యాభై నిండకుండానే కొట్టు గద్దె మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారు. వ్యాపారం పెదనాన్న కొడుకులతో ఉమ్మడి. బాకీలు కూడా ఉమ్మడే.

“నేను పోతే మా అన్నదమ్ములు లెక్కలు తీస్తారండి,” అన్నారాయన. “ఆ లెక్కల్లో మా ఆవిడకి మిగిలేది నా ఫొటో ఒక్కటేనండి.”

దీనికి మా దగ్గర ఒక మార్గం ఉంది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే ఆ సొమ్ము భార్యాబిడ్డలది. అప్పులవాళ్ళు గానీ, భాగస్తులు గానీ దాని మీద చెయ్యి వెయ్యలేరు. ఆయన సంతకాలు చేశారు. మెడికల్ ఎగ్జామినరు, అంటే మా సంస్థ తరఫున పరీక్ష చేసే డాక్టరు, ఎత్తు, బరువు, ఊపిరి పీల్చి ఛాతీ, వదిలి ఛాతీ, పొట్ట చుట్టుకొలత రాశారు. ఎంత పీల్చినా ఆయన ఛాతీ పొట్టని అందుకోలేదు.

ప్రపోజలు, అంటే పాలసీ కోసం పెట్టుకునే దరఖాస్తు, రాజమండ్రి డివిజనల్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి తీర్పులు నాలుగు రకాలు: మామూలు రేటుకి ఒప్పుకోవడం, అదనపు ప్రీమియంతో ఒప్పుకోవడం, వాయిదా, తిరస్కారం. మాకు వచ్చింది వాయిదా, ఆరు నెలలు. రెండోసారి కూడా మనిషి అలాగే కనిపిస్తే తిరస్కారమే. ఆ మాట ఒకసారి పడితే జన్మంతా వెంట వస్తుంది. ఏ ప్రపోజల్ ఫారంలోనైనా “ఇంతకు ముందు మీ ప్రపోజలు తిరస్కరించబడినదా?” అన్న ప్రశ్న ఉంటుంది. అంటే నాగేశ్వర్రావుగారికి ఉన్నది ఇంకొక్క అవకాశం.

తగ్గాలన్నది తేలింది. తగ్గుతున్నారో లేదో చూడడమెలా అన్నది తేలలేదు. ఆయనకి రోజూ కాకపోయినా వారానికోసారి ఏదో ఒక లాభం కళ్ళబడాలి, లేకపోతే ఏ వ్యాపారమూ సాగించే మనిషి కాదు. బెల్టుకైతే చిల్లులుంటాయి. పంచె ఎంత పొట్టకైనా సర్దుకుపోతుంది. టేపు పెడితే ఊపిరి బిగబట్టి నన్నే మోసం చేసేవారు. గొడౌన్లో దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాటా ఉంది, బస్తాలు తూచేది. దాని మీద ఎక్కమంటే చెవులు మూసుకున్నారు. బతికున్న మనిషిని తూనికరాళ్ళతో తూస్తే ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ళ ఇంటి నమ్మకం.

నేను కొట్లో పెరిగినవాణ్ణి కదా, మధ్యేమార్గం చెప్పాను. రాళ్ళు వద్దు, మనిషికి మనిషే తూకం. ఒక పళ్ళెంలో ఆయన, రెండో పళ్ళెంలో నేను.

ఆయన నన్ను పైనుంచి కిందికి బస్తాని చూసినట్టు చూసి, “సరిపోతారండి,” అన్నారు.

మొదటి ఆదివారం ముల్లు దాదాపు మధ్యలోనే నిలబడింది. కాస్త ఆయన వైపు మొగ్గింది. రెండో ఆదివారం సమానం. మూడో ఆదివారం ఆయన పళ్ళెం నేల విడిచింది.

“ఇయ్యాల ఆఫీసరు గారు మొగ్గేరండోయ్!” అని గొడౌను మేస్త్రీ అరిచాడు.

నాగేశ్వర్రావుగారు గాలిలో కాళ్ళూపుతూ చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు చూసి నా పద్ధతికి నేనే మురిసిపోయాను. ఇది అయ్యాక ఇంట్లో టిఫిను. ఆయన భార్య మంగతాయారుగారి చేతి పెసరట్టు ఉప్మా, సున్నుండలు, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. పథ్యంలో ఉన్న మనిషి కాబట్టి నాగేశ్వర్రావుగారు ఒకటి తీసుకుని పళ్ళెం నావైపు తోసేవారు. పార్టీ ఇంట్లో పెట్టింది వద్దనడం మా వృత్తికి విరుద్ధం. ప్రతి ఆదివారం ఆయన ఇంకాస్త పైకి లేచారు. నా చొక్కాలు బిగుసుకుంటే నేను చాకలిని అనుమానించాను.

నాలుగో నెలలో, అసలు పరీక్షకి ముందు ఒక్కసారి చూపించి ధీమాగా ఉందామని ఆయన్ని మొదట పరీక్ష చేసిన మా డాక్టరు ప్రభాకరంగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఇది లెక్కలోకి రాని పరీక్ష, స్నేహం కొద్దీ చేసేది. డాక్టరుగారు ఆయన్ని మిషను ఎక్కించారు. పాత కాగితం తీసి చూశారు. దింపి మళ్ళీ ఎక్కించారు. తర్వాత నావైపు తిరిగి, “మీరోసారి ఎక్కండి,” అన్నారు.

ఎక్కాను.

“ఈయన తగ్గలేదండీ,” అన్నారు డాక్టరుగారు. “మీరు పెరిగేరు.”

తిరుగు బస్సు కొత్తపేట చేరింది. దిగేముందు నాగేశ్వర్రావుగారు, “నా కాటా మీద నన్నే కూర్చోబెట్టి తప్పుడు తూకం చూపించేరండి మీరు,” అన్నారు. వ్యాపారికి అంతకంటే పెద్ద తిట్టు లేదు. చాకలిని తప్ప ఎవర్నీ అనుమానించని నాకు అందులో దురుద్దేశం లేదు. కానీ తప్పుడు తూకం తప్పుడు తూకమే.

ఇంట్లో సంగతి చెప్పక తప్పలేదు. పాలసీ విషయం ఆయన అంతవరకూ భార్యకి చెప్పలేదు, పోవడం గురించి ఇంట్లో మాట్లాడకూడదని. మంగతాయారుగారు విని ఆశ్చర్యపోలేదు. మావగారు పోయిన వయసూ, బావగారు పోయిన వయసూ మా ఫారాల కంటే ముందు నుంచీ ఆవిడకి కంఠతా వచ్చు.

“అన్నయ్యగారూ,” అన్నారు నాతో, “మీరు బరువు చూట్టానికి వస్తన్నారో పెంచుకోడానికి వస్తన్నారో నాకు మొదటి నుంచీ అర్థం కాలేదండి. ఇక ఆదివారాలు రాకండి.” తర్వాత భర్తవైపు తిరిగి, “మన తోట చూసి ఎన్నేళ్ళయిందండి మీరు? రేపట్నుంచి నడిచెళ్ళి చూసి రండి,” అన్నారు.

తోట కాలువ గట్టు వెంట మైలున్నర ఉంటుంది. ఆయన నడవలేక ఏళ్ళ తరబడి అటు వెళ్ళలేదు, చెట్లెక్కి దింపిన కాయలు ఇంటికే వచ్చేవి. మొదటి రోజు మొదటి తూము దాకా వెళ్ళి దాని మీదే కూలబడి రిక్షాలో ఇంటికొచ్చారు. రెండు వారాలకి తోట చేరారు. చేరి చూస్తే సరిహద్దు దడి లోపలికి జరిగి ఉంది. కొబ్బరాకుల దడి పాతబడినప్పుడల్లా మళ్ళీ కడతారు, కట్టినప్పుడల్లా అది కాస్త నడుస్తుంది. ఈయన నడవని ఏళ్ళలో అది బాగా నడిచింది. తొమ్మిది చెట్లు అవతలికి పోయాయి.

అవతలి తోట దేవదానం మాస్టారుది. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పొద్దునా సాయంత్రమూ తోటలోనే ఉంటారు, గొంతెత్తని మనిషి. నాగేశ్వర్రావుగారు దడి దగ్గర నిలబడి “మాస్టారూ!” అన్నారు. ఆ తర్వాత మాట రాలేదు, ఊపిరి చాల్లేదు.

“ఆయ్, ముందు కూర్చోండి,” అన్నారట మాస్టారు. “నీళ్ళు తాగి తిడుదురుగాని.”

ఆ అవమానం ఏ డాక్టరూ చెయ్యలేని పని చేసింది. మర్నాడు పొద్దున వెళ్ళారు, సాయంత్రం మళ్ళీ వెళ్ళారు. మొదటి వారం “మాస్టారూ, మీరు” దగ్గర ఊపిరి అయిపోయేది. రెండో వారానికి “మాస్టారూ, మీరు నా చెట్లు” దాకా వచ్చారు. మధ్యాహ్నం కడుపు నిండా తిని వెళ్తే సాయంత్రం మాట ఆడడం లేదని ఆయనే కనిపెట్టి, ఎవరూ చెప్పకుండానే అన్నం తగ్గించారు. నేను బరువు ఊసెత్తడం మానేశాను. కొత్తపేటలో బస్సు దిగినప్పుడల్లా కొట్టు దగ్గర ఆగి, “ఇవాళ ఎక్కడిదాకా అన్నారండీ?” అని అడిగేవాణ్ణి.

“మాస్టారూ, మీరు నా చెట్లు తొమ్మిదీ కలిపేసుకుని కాయలు తింటన్నారు, మీరు దొంగండీ!” అని ఒక్క ఊపిరిలో అన్నరోజు ఆయన నాకు షోడా ఇప్పించారు. “ఆ మాటంతా దడి పొడుగునా నడుస్తా అన్నానండి,” అని కూడా చెప్పారు. ఆయనతో నా స్నేహం తిరిగి మొదలైంది ఆ షోడాతోనే.

అసలు పరీక్షకి మూడు వారాలుందనగా దేవదానం మాస్టారు బజార్లో నన్ను ఆపారు. సర్వేయరు చేత కొలిపించాననీ, చెట్లు నాగేశ్వర్రావుగారివేనని తేలిందనీ, సోమవారం దడి వెనక్కి కట్టిస్తున్నాననీ చెప్పారు. న్యాయమైన మనిషి. తగాదా తీరితే నడక ఆగుతుంది. నడక ఆగితే ప్రపోజలు పోతుంది.

సంగతంతా చెప్పి, మూడు వారాలు దడి తియ్యవద్దని బతిమాలాను.

“ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి బాబూ,” అన్నారాయన. “ఇంకా మూడు వారాలు దొంగ అనిపించుకోమంటారా?”

“దొంగండీ అంటున్నారు కదండీ,” అన్నాను.

“అదీ నిజమే. మర్యాదస్తుడు.” ఆ వెంటనే, “మరి నాకేంటండి?” అన్నారు.

ఆ రోజుల్లో మా సంస్థ క్యాలెండర్లకీ డైరీలకీ ఊళ్ళలో మహా గిరాకీ. ఒక క్యాలెండరు అన్నాను. ఇంటికొకటి, చర్చికొకటి, పాత స్కూలుకొకటి కావాలన్నారు. సరే అన్నాక, డైరీ సంగతేమిటన్నారు. అది కూడా ఇచ్చుకున్నాను. అవతల వైపు అవసరం లేదని తెలిసిన బేరం నెగ్గడం నా తరం కాలేదు. మా నాన్న చూసి ఉంటే నన్ను కొట్టు మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

“నేను కూడా అరవాలా?” అని చివర్లో మాస్టారు అడిగారు.

“కాస్త నడుస్తా అరిస్తే మేలండి.”

ఆ మూడు వారాల్లో మాస్టారు కూడా చిక్కారు. ఆయనకా అవసరం లేదు.

రెండో పరీక్షలో ప్రభాకరంగారు టేపు రెండుసార్లు పెట్టి చూశారు. ఛాతీ పొట్టని అందుకుని, వేలు వెడల్పున దాటింది. ఊపిరి పట్టమన్నంతసేపూ పట్టారు. రాజమండ్రి నుంచి కాగితం వచ్చింది: కుటుంబ చరిత్ర దృష్ట్యా కొద్దిపాటి అదనపు ప్రీమియంతో ఆమోదం. ఆ అదనం తగ్గించమని నాగేశ్వర్రావుగారు బేరం మొదలుపెట్టారు. డివిజనల్ ఆఫీసు తీర్పు మీద బేరం ఉండదని చెప్పాను.

“అయితే మధ్యలో మీరెందుకండీ?” అన్నారు.

పాలసీ చేతికొచ్చిన వారమే దడి వెనక్కి వెళ్ళింది. ఇక ఆయన మళ్ళీ గద్దె ఎక్కుతారని నేను ఖాయం చేసుకున్నాను. మా సంస్థకి పాలసీ అమలులో ఉంటే చాలు. నాకు మాత్రం ఆ తండ్రి వయసూ అన్న వయసూ అప్పుడప్పుడు గుర్తొచ్చేవి. ఏడాది తర్వాత ఆ గట్టు మీద సైకిలు తొక్కుతూంటే దూరం నుంచే ఆయన గొంతు వినిపించింది. గట్టిగా, తెరిపి లేకుండా తిడుతున్నారు. ఎనిమిది చెట్లు వచ్చాయట, తొమ్మిదోది సరిగ్గా సరిహద్దు మీద ఉందట, మాస్టారు ఎంతకీ వదలడం లేదట.

ఆయన వెళ్ళాక మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. “మంగతాయారమ్మగారు వచ్చి చెప్పేరండి. ఆ ఒక్క చెట్టూ మీవైపే ఉంచండి, కాయలు మీరే తీసుకోండి, ఆయనకి మాత్రం చెప్పకండి అన్నారు. మీరు క్యాలెండర్లు ఇచ్చేరు, ఆవిడ చెట్టే ఇచ్చేరు.”

1985లో నాకు బదిలీ అయ్యేనాటికి నాగేశ్వర్రావుగారు అన్నగారి వయసూ దాటారు, తండ్రిగారి వయసూ దాటారు. చెట్టు తగాదా ఇంకా తేలలేదు. నేను అమ్మిన పాలసీ ఆయన పోతే భార్యకి డబ్బిస్తుంది. ఆవిడ కొన్నది ఆయన్ని పోకుండా చూసేది, ప్రీమియం ఏడాదికి ఒక చెట్టు కాయలు. ఇద్దరిలో బేరం తెలిసినవాళ్ళెవరో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ కేసు వల్ల నేర్చుకున్నది ఇది. ఒళ్ళు తగ్గాలనుకునే మనిషికి తగ్గిన అంకె చూపించి లాభం లేదు, ఇంకొకరి పక్కన నిలబెట్టి చూపిస్తే అసలే లాభం లేదు. నిన్న చేతకానిది ఏది ఇవాళ చేతనవుతోందో అది చూపించాలి. అది మంచి పనే అయి ఉండాలని లేదు. తర్వాతి సర్వీసులో వాయిదా పడ్డ లావుపాటి పార్టీలందరినీ నడిచి వెళ్ళేంత దూరంలో ఎవరితోనైనా తగాదా ఉందా అని అడిగేవాణ్ణి. కోనసీమలో లేదన్నవాడు ఒక్కడూ తగల్లేదు. నాది మాత్రం అందరితోనూ మంచిగా ఉండవలసిన ఉద్యోగం. రిటైరయ్యేదాకా అలాగే ఉన్నాను, తగ్గలేదు.