రెబెక్కమ్మ టీచరు కసరత్తు లెక్క

రెబెక్కమ్మ టీచరు కసరత్తును అంకెలతో లెక్కపెట్టదు. ముప్పై ఐదేళ్ళు బడిలో ఎక్కాలు వల్లె వేయించిన మనిషే. రిటైరయ్యాక మాత్రం రోజూ తెల్లవారి ప్రార్థన ముగించి, కొంగు బొడ్లో దోపి, బైబిలు పుస్తకాల పేర్లతో గుంజీలు తీస్తుంది. మొదటి గుంజీ ఆదికాండం, రెండోది నిర్గమకాండం. అలా పోతుంది.

కావలి నుంచి సముద్రపొడ్డున ఉన్న జువ్వలదిన్నెకు బైకు మీద వచ్చి ఆమెకు కసరత్తు నేర్పే ట్రైనర్ మస్తాన్‌కు మొదటిరోజే తల తిరిగింది.

"ఇరవై అయింది టీచరమ్మా, చాలు."

"ఇరవయ్యంటే సామెతలు. సొలొమోను ఇంకా చెప్తా ఉంటే మధ్యలో లేచిపోతామా అబ్బయ్యా?" అని, ఆయనదే అయిన పరమగీతం దాకా ఇంకో రెండు తీసి గానీ ఆగలేదు.

మధ్యలో పాలాయన "అమ్మా, పాలు!" అన్నాడంటే వరస మరిచిపోయి మళ్ళీ ఆదికాండం. అది చూడలేక, ఐదు పూటలా నమాజు తప్పని మస్తాన్ ఆ పేర్లన్నీ తానే కంఠస్థం చేశాడు. "యోబు అయింది టీచరమ్మా, ఇప్పుడు కీర్తనలు" అని అందించేవాడు. ఒకరోజు కావలి జిమ్ములో ఒక వస్తాదు బరువులెత్తుతుంటే అలవాటుకొద్దీ "ఇంకొక్కటి, లేవీయకాండం!" అని అరిచాడు. ఆ వస్తాదు బెదిరి బరువు దించేశాడు.

మస్తాన్‌కు అసలు దిగులు ఆమె పెట్టిన గడువుతోనే. మూడు నెలల్లో నలభై కిలోలు వీపున వేసుకుని ఇసుకలో నడవాలట.

"ఎందుకు టీచరమ్మా?"

"నేర్పేవాడివి నేర్పు. పరీక్ష ఎందుకని పిల్లోళ్ళు నన్నెప్పుడన్నా అడిగినారా?"

చెల్లెలు కెజియా ఊరుకోలేదు. "అరవై మూడేళ్ళకు బస్తాలు మోసేదేందక్కా? హార్బరులో కూలికేమన్నా పిలిచినారా?"

"పిలిస్తే పోతా. నీకేంది?"

ఐదు కిలోల బియ్యంతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ వచ్చింది. ముప్పై దగ్గర బస్తాతో సహా ఇసుకలో బోర్లా పడింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు పరుగున వచ్చి, "ఇంక చాలించమ్మా" అన్నారు.

"పడింది నేను. చాలించాల్సింది మీరా?" అని ఇసుక దులుపుకుని, బస్తా మళ్ళీ వీపున పెట్టమంది.

గడువు రోజు రానే వచ్చింది. మస్తాన్ నలభై కిలోల బస్తా కట్టి సిద్ధంగా ఉంచాడు. ఆమె దానివంక కూడా చూడలేదు. పక్కింటికి పోయి, మంచం మీదున్న ముసలమ్మకు వీపు తిప్పి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎక్కు."

ముసలమ్మ ఒకప్పుడు ఊరూరా చేపలమ్మింది. మోకాళ్ళు పడిపోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి సముద్రం హోరు వినడమే గానీ చూసింది లేదు. చక్రాల కుర్చీ ఇసుకలో కూరుకుపోతుంది. ఇరుగుపొరుగు మగవాళ్ళు ఎత్తుకుపోతామంటే ఒప్పుకోలేదు. "మగోళ్ళు మోసకపోయేది ఒక్కసారే. ఆ రోజు ఎట్టా తప్పదు, ఇప్పుడేం తొందర?" అనేసింది.

మస్తాన్‌కు అప్పుడర్థమైంది. చేతులు రెండూ చాపి పక్కనే నడిచాడు.

"మెల్లిగా పో! నన్ను చేపల గంపనుకున్నావా?" అంది ముసలమ్మ వీపు మీదనుంచి.

"గంపయితే నోరు మూసుకొనుండేది!" అంది టీచరు రొప్పుతూ.

రెండుచోట్ల కాళ్ళు తడబడ్డాయి గానీ ఆగలేదు. దేవుని దయవల్ల ఆ ఉదయం అలలు కూడా నెమ్మదిగానే వస్తున్నాయి. నీళ్ళంచున దించగానే ముసలమ్మ పాదాలు తడిశాయి. ఆమె దోసిలితో నీళ్ళు తీసి టీచరు మొహాన కొట్టి, పళ్ళులేని నోటితో పడీపడీ నవ్వింది.

టీచరు మొహం తుడుచుకుంటూ మస్తాన్‌ను పక్కకు పిలిచింది.

"అబ్బయ్యా, నాకొక ఉపకారం చెయ్యాల."

"చెప్పండి టీచరమ్మా."

"ఆస్పత్రిలో తూచినప్పుడు ఈమె నలభయ్యే. ఇయాళ మూడు కిలోలన్నా ఎక్కువుంది. పూటపూటా నేనే వండి పంపిస్తా ఉండా, తగ్గించాలంటే చెయ్యి రాదు. రేపు మళ్ళీ తీసకరావాల గదా, రవ్వంత తక్కువ తినమని నువ్వే చెప్పు నాయనా."