గాలి బాణాలు లేని పటం

ఆరేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మా ఇంటాయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఉపగ్రహ చిత్రాలు చూసి, పొగ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో తేల్చడం నా పని. మాది కోరుట్ల. ఉద్యోగం జగిత్యాలలో, అప్పట్లో కాంట్రాక్టు మీద. ఆ వేసవిలో సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలోని ఒక వాడ నుంచి ఫిర్యాదు వచ్చింది, పొగతో ఊపిరి ఆడటం లేదని. ఆ వాడకు దక్షిణాన బట్టలకు రంగులద్దే కార్ఖానా ఒకటి ఉంది. దాని బాయిలర్‌లో ప్లాస్టిక్, పాత గుడ్డలు కాలుస్తున్నారని వాళ్ల అనుమానం.

అవే రోజుల్లో ఉత్తరాన, కథలాపూర్ వైపు పొలాల్లో వరికొయ్యలు తగలబెడుతున్నారు. చిత్రంలో అక్కడ ఎర్రచుక్కలు, ఇక్కడ తంగళ్ళపల్లి మీద బూడిదరంగు మరక. ఎవరు చూసినా ఆ రెంటినీ కలిపేస్తారు. కానీ ఫిర్యాదులో రాసిన రోజులన్నింటా గాలి దక్షిణం నుంచి వీచింది. పటం మీద గాలిని చూపే బాణాలన్నీ కథలాపూర్ వైపే తిరిగి ఉన్నాయి. పొగ గాలికి ఎదురు పోదు.

మా అధికారి అబద్ధం రాయమనలేదు. పటం సులువుగా అర్థం కావాలి అన్నాడు, అంతే. కార్ఖానా వాళ్లు ఆయన గదిలోంచి బయటికి రావడం నేను చూశాను. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతుంది.

బాణాలు తీసేశాను. భయపడ్డానా? లేక ఎవరూ అడగకముందే పెద్దవాళ్లకు కావలసింది చేసిపెట్టే బుద్ధి నాలో మొదటినుంచీ ఉండి, ఆ రోజు దానికి భయమని పేరు పెట్టుకున్నానా?

కథలాపూర్ రైతులను పిలిచి మందలించారు. కార్ఖానా జోలికి ఎవరూ పోలేదు. నన్ను ఉద్యోగంలో కొనసాగించారు.

మరుసటి వేసవిలో పరిస్థితి చూసి రమ్మని నన్నే పంపారు. ఫిర్యాదు మీద మొదటి వేలిముద్ర రాజవ్వది. బీడీలు చేసే ముసలామె, ఆయాసం మనిషి. ఉత్తరం కిటికీకి అట్టలు కొట్టించుకుంది. మంచం దక్షిణం కిటికీ కిందికి జరుపుకుంది. తెరిచి ఉన్న ఆ కిటికీలోంచి కార్ఖానా పొగగొట్టం కనిపిస్తోంది.

"గా కిటికీ ఎందుకు మూసినవవ్వా?"

"పొగ కథలాపూర్ కెళ్ళి అస్తుందని మీ ఆఫీసోళ్లే చెప్పిండ్రు గద బిడ్డా. మేమే ఉత్తగ కార్ఖానను అనుమానపడ్డం. గంత మీదికెళ్ళి చూసేటిది అబద్ధం ఆడుతదా?"

"ఆడదు అవ్వా," అన్నాను.

"అయినా దమ్ము తగ్గుతలేదు. అట్టలల్ల సందులున్నయేమో."

ఈ కిటికీ మూసి, మంచం ఉత్తరం వైపుకు జరుపుకో అంటే సరిపోయేది. ఎందుకు అని అడుగుతుంది కదా. ఆమె పోసిన చాయ్ తాగి వచ్చేశాను.

ఆ ఏడు చలికాలం రాకముందే రాజవ్వ పోయింది. ఆయాసం ముందునుంచీ ఉన్నదే, పొగాకు దుమ్ము కూడా ఉంది, ఏది ఎంత చేసిందో ఏ డాక్టరూ విడదీసి చెప్పలేడు. ఈ మాట చాటున ఎన్నాళ్లు దాక్కున్నానో.

ఇప్పుడు నాది పర్మినెంట్ ఉద్యోగం. కార్ఖానా నడుస్తూనే ఉంది.

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు. ఏ నివేదికలోనూ రాయని వాక్యం ఇక్కడ రాస్తున్నాను. ఆ పొగ కథలాపూర్ నుంచి రాలేదు. నాకు ఆ రోజే తెలుసు.

రాశాక కొంచెం తేలికగా ఉంది. అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.