రెండు చెంచాల పంచదార

కంకిపాడు చుట్టుపక్కల పెళ్లి కుదిరిందంటే, ముహూర్తం తర్వాత అందరూ అడిగేది సుబ్బరత్నం ఖాళీగా ఉందా అనే. సారె అరిసెలు ఆవిడ చేతి మీదుగా వెళ్లాల్సిందే. పాకం చుక్క నీళ్ల పళ్లెంలో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసి, "దించండి" అనేది. ఆ మాటకు పెళ్లికూతురి తండ్రయినా మసిగుడ్డ అందుకుని పరిగెత్తాల్సిందే. నోట్లో మాత్రం ఆ తీపి ఉండేది కాదు. "అరిసె నొక్కడం రానివాళ్లు అవతల కూర్చుని కబుర్లు చెప్పుకోండమ్మా" అని ఎంతటివాళ్లనైనా లేపేసేది. పని ముగించుకుని కొంగున కట్టి తెచ్చే అరిసె మాత్రం మనవరాలు సింధూరిది.

ఎనిమిదో ఏట సింధూరి ఉన్నట్టుండి చిక్కిపోయింది. కడుపు నిండా నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. ఒకరోజు బళ్లో పడిపోతే విజయవాడ తీసుకెళ్లారు. టైప్ వన్ షుగర్ అన్నాడు డాక్టరు. బతికినన్నాళ్లూ రోజూ ఇన్సులిన్ తీసుకోవాలన్నాడు. ఇది తీపి తినడం వల్ల వచ్చింది కాదని విడమరిచి మరీ చెప్పాడు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? "నాన్నమ్మ చేతి తీపి ఊరికే పోతుందా మరి" అంది ఒకావిడ, సుబ్బరత్నం ఇచ్చిన టీ తాగుతూనే. ఇలాంటివాళ్లకి ఏ రోగమూ రాదు. సుబ్బరత్నానికి డాక్టరు మాట చెవి దాకానే వెళ్లింది. ఊళ్లోవాళ్ల మాట గుండెల్లో దిగబడిపోయింది.

సుబ్బరత్నం మూకుళ్లు ఎవరికో ఇచ్చేసింది. బెల్లం, పంచదార, చివరికి తేనె సీసా కూడా గడప దాటాయి. కొడుకు కిరీటి పంచదార లేని కాఫీ మారుమాట్లాడకుండా తాగి ఆఫీసుకు వెళ్లేవాడు. "ఒక్క ముక్క నాన్నమ్మా" అని సింధూరి బతిమాలేది. "లేదమ్మా" అనేసి ఆవిడ పెరట్లోకి వెళ్లి ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవకుండానే అనడం నేర్చుకుంది. మనసు రాయి చేసుకోగలిగినందుకు కాస్త గర్వపడింది కూడా.

"ఇంజెక్షన్ చేసుకున్నాక సరిగా తినకపోతే దానికి షుగర్ పడిపోద్ది అత్తయ్యా. చెమటలు పట్టి వణికితే వెంటనే రెండు చెంచాల పంచదార నీళ్లలో కలిపి పట్టండి. అప్పుడు అదే మందు" అని కోడలు ఉషశ్రీ ఎన్నోసార్లు చెప్పింది. చిన్న డబ్బాలో పంచదార పోసి ఫ్రిజ్ మీద పెట్టింది. సుబ్బరత్నం తలూపింది. విషమని ఊడ్చిపారేసిన వస్తువు మందెలా అవుతుందో ఆవిడ బుర్రకెక్కలేదు. పిల్ల చేతికి చిక్కుతుందని భయపడి, ఆ డబ్బాను పక్కింటి శౌరమ్మకు ఇచ్చేసింది.

ఆ శనివారం కొడుకూ కోడలూ పనులకు వెళ్లారు. సింధూరి అన్నం సగం వదిలేసి ఆటకు పోయి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది.

"నాన్నమ్మా, పంచదార పెట్టు."

"మళ్లీ మొదలెట్టావా?"

"షుగర్ పడిపోయింది నాన్నమ్మా. నిజంగా."

ఎండలో ఆడొస్తే చెమట పట్టదా అనుకుంది సుబ్బరత్నం. పిల్ల సాకులు ఆవిడకు కొత్త కాదు. "నీ మంచికే చెప్తున్నా తల్లీ. కాసేపు పడుకో."

సింధూరి కుర్చీ జరుపుకుని ఎక్కి ఫ్రిజ్ మీద తడిమింది. డబ్బా లేదు. దిగి, ఇంకేమీ అడగకుండా చాప మీద పడుకుంది. సుబ్బరత్నం పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. బంగారుతల్లి, చెప్పిన మాట వింది అనుకుంది.

ఉషశ్రీ వచ్చేసరికి పిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది.

సింధూరి బతికింది. సుబ్బరత్నాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు సెలవు రోజుల్లో ఉషశ్రీ పిల్లను శౌరమ్మ దగ్గర వదిలి వెళుతోంది.

సుబ్బరత్నం ఇప్పుడు ఇంట్లో ప్రతి గూట్లోనూ పంచదార పెట్టింది. కొంగు ముడిలో కూడా ఒక పొట్లం ఉంటుంది. మొన్న సాయంత్రం హోంవర్క్ రాస్తూ సింధూరి పెన్ను కింద పెట్టి నుదురు తుడుచుకుంది. వేళ్లు వణుకుతున్నాయి. సుబ్బరత్నం పొట్లం విప్పి, పంచదార అరచేతిలో పోసుకుని ఉరికింది.

"ఇదిగో అమ్మా, నోరు తెరు."

పిల్ల వెనక్కి జరిగింది. బ్యాగులోంచి తన గ్లూకోజు పొట్లం తీసి నోట్లో పోసుకుంది.

"వద్దులే నాన్నమ్మా. నా దగ్గరుంది" అంది, పరాయివాళ్లింట్లో చెప్పినంత మర్యాదగా.

సుబ్బరత్నం చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఆ శనివారం తర్వాత పిల్ల తనని ఏదీ పెట్టమని అడగలేదని అప్పుడు తెలిసింది.