అరాచకవాది పడుగు

మొన్న ఎమ్మిగనూరులో ఒక అంగట్లో కొత్త చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది, మా అవ్వ వాళ్ళ మగ్గాల వీధి కళ్ళ ముందుకు వచ్చింది. జాతరకు ముందు, చలి పొద్దుల్లో, వీధి పొడవునా పడుగు, అంటే చీర నిలువు పోగులు సాచి, గంజి పట్టించి, ఇరుపక్కలా ఇంటికొకరు నిలబడి కుంచెలతో దువ్వుతుంటే, పిల్లలం అరుగుల మీద కూర్చుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేవాళ్ళం.

ఏ పొద్దు ఎవరి పడుగు సాచాలో వీధి పెద్ద చెప్పేవాడు. ఆయనదీ, ఆయన చుట్టాలదీ ఎప్పుడూ ముందే. ఎదురింటి రంగప్ప మామ ఒకనాడు అందరిలో, "మనకు పెద్ద ఎందుకప్పా? మనమే కూసోని అనుకుందాం" అన్నాడు. ఆదోని నుంచి వచ్చి మా వీధిలో అద్దెకున్న బడి అయ్యవారు నవ్వి, "నువ్వు అరాచకవాదివప్పా" అన్నాడు. రాజు వద్దనేవాడని దాని అర్థమట. ఆ మాట బోరింగు దగ్గరికి చేరేసరికి దొంగ అనీ, వీధి చివరికి పోయేసరికి ఇండ్లు కాల్చేవాడనీ అయింది. మా అమ్మ నన్ను రంగప్ప మామ గడప తొక్కనివ్వలేదు. మగ్గం గుంటలో ఏం దాచాడో అని నేను కిటికీలోంచి తొంగి చూసేదాన్ని.

అంతలోనే వీధి పెద్దాయన పడుగును ఎవరో కోసేశారు. చూసినవాళ్ళు లేరు, కానీ రంగప్పేనని అందరూ అన్నారు. ఆ తర్వాత రంగప్ప మామ పడుగు సాచిన పొద్దు ఒక్కరూ గడప దాటలేదు. మొగుడూ పెళ్ళామే అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. దువ్వకముందే గంజి ఆరితే పోగులు అంటుకుని పడుగంతా పాడైపోతుంది. మా అవ్వ కాసేపు చూసి, జొన్నరొట్టె పెనం మీదే వదిలిపెట్టి, పోయి కుంచె పట్టింది.

"నువ్వే కోసినావా రంగప్పా?"

"లేదు పెద్దమ్మా. ఈ సేతులు ఆ పని సేస్తాయా?"

"ఏమో. పోగు ఎండిపోతాంది, ముందు దువ్వు."

అవ్వ వెనక మా అమ్మ, ఆమె వెనక ఇరుగుపొరుగు, ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. పడుగు మాత్రం దక్కింది.

అనుమానం పోలేదు. జాతర అయ్యాక రంగప్ప మామ మగ్గం విప్పుకుని ఆదోనిలో పత్తి మిల్లు పనికి పోయాడు. బండి మలుపు తిరిగాక అవ్వ మెల్లగా అంది: "పడుగు తయారు సేయాలంటే రోజులు పడతాయి గదా. తెగిన మర్నాడే పెద్దాయన కొత్తది సాపినాడే, అది యాడ నుంచి వచ్చింది?"



ఇప్పుడా వీధిలో పడుగు సాచేవాళ్ళు లేరు, మోటారు సైకిళ్ళు నిలుపుతున్నారు. టీవీలో ఎవరైనా ఎవరినైనా అరాచకవాది అంటే, నేను అన్నవాడి ముఖంలోకే చూస్తాను.