కోయని పదహారు పేజీలు

పోలీసులు తలుపు తట్టేసరికి ఒర్తాన్స్ బ్రియాల్ చేతిలో వెన్న కత్తి ఉంది. ముందు కాఫీ గిన్నె, పక్కన పుస్తకం. రొట్టెకు వెన్న రాసుకున్న కత్తితోనే పేజీల మడతలు కోసుకుంటూ చదువుతోంది. రెండో ప్రపంచ యుద్ధం అయి పదేళ్లు దాటినా మంచి పుస్తకాలు ఇంకా అంచులు కోయకుండానే అచ్చాఫీసు నుంచి వచ్చేవి. ఎవరు ఎంతవరకు చదివారో కత్తి గాటే చెప్పేసేది.

ఫ్రాన్సులో నాంత్ రేవు దగ్గర ఆమెది చిన్న పుస్తకాల కొట్టు. భర్త పోయాక ఆమెకూ, పెళ్లి కాని ఆడపడుచు క్లోతీల్ద్‌కూ అదే కూడు పెడుతోంది. పోలీసులు పట్టుకెళ్లిన పుస్తకం మఠం విడిచిన ఓ సన్యాసిని కథ. దేవుడు ఎక్కడ అడ్డుపడతాడో చూద్దామని ఆ సన్యాసిని తన ఒంటిని తానే నాశనం చేసుకుంటూ పోతుంది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒర్తాన్స్ బల్ల కింద పెట్టి అమ్మింది.

ఆమె ప్రతిలో చివరి మడతలోని పదహారు పేజీలు కోయలేదని చూసి ఆమె లాయరు ఫెర్నియో గారి ముఖం వెలిగిపోయింది.

"ఇదే మనల్ని గట్టెక్కిస్తుంది మదాం! అసలు సంగతి తెలియక అమ్మాను, చదవబోతే అసహ్యం వేసి ఆపేశాను అనండి. కొట్టు నిలబడుతుంది."

"అసహ్యం వేసిన మాట నిజమే కదా వదినా?" అంది క్లోతీల్ద్. "తిండి కూడా సయించడం లేదు నీకు. ఆ ముక్కే చెప్పు. ఇంకా ఆ మొహమేమిటి, చేప ముల్లు మింగినట్టు?"

చదివినన్నాళ్లూ ప్రతి మడత దగ్గరా ఒర్తాన్స్ కత్తి కింద పెట్టింది. ప్రతిసారీ మళ్లీ తీసింది. నిద్ర పట్టనివ్వనిది ఆ సన్యాసిని కాదు, ఆ కత్తి.

కోర్టులో న్యాయమూర్తి పుస్తకాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"అసహ్యం వేసిందా?"

"వేసిందండి."

ఫెర్నియో గారు తృప్తిగా తల ఊపారు.

"అందుకే ఇక్కడ ఆపేశారన్నమాట."

"నేను ఆపలేదండి. మీవాళ్లు తలుపు తట్టారు."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"తట్టకపోయి ఉంటే?"

"కోసేదాన్ని."

ఆ మధ్యాహ్నమే తీర్పు చెప్పారు. మెట్లు దిగుతూ క్లోతీల్ద్ విరుచుకుపడింది.

"మా అన్న కొట్టు అది! ఒక్క నిమిషం నోరు మూసుకోలేకపోయావా?"

"మూసుకుందామనే వెళ్లాను."

వంతెన దాకా ఇద్దరూ నడిచారు. అక్కడ క్లోతీల్ద్ గొంతు తగ్గించింది.

"ఇంతకీ ఆఖరికి ఏమవుతుంది ఆ సన్యాసినికి?"

"నాకేం తెలుసు?"

కొట్టుకు ఆరు నెలల పాటు తాళం పడింది. పట్టుబడిన ప్రతులన్నీ నుజ్జు చేసి కాగితపు గుజ్జుగా మార్చేశారు. ఆమె ప్రతి మాత్రం కోర్టు బీరువాలో ఉండిపోయింది, వెన్న మరకలతో, చివరి పదహారు పేజీలు కోయకుండా.