పన్నెండో ఫైలు

దెయ్యాలను నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. మా తాతగారు జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియాలో షెడ్డు వేసేటప్పుడు ఆ స్థలంలో ఏదో తిరుగుతుందని నలుగురూ వద్దన్నారట. ఆయన అక్కడే మంచం వేయించుకుని నెల్లాళ్ళు పడుకుని, ఏమీ లేదని చూపించాకే పునాది తవ్వించారు. ఆయన మనవణ్ణి నేను. చదివినవాళ్ళు నమ్మకపోయినా నాకు పట్టింపు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబం. మా షెడ్డులో ఇనుప భాగాలను ఫర్నేస్‌లో కాల్చి గట్టిపరిచేవాళ్ళు. ముప్పై మంది పనివాళ్ళుండేవారు, కద్మాలో సొంత ఇల్లుండేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. నేను సిద్ధగోరాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ, ఒక కాంట్రాక్టరు దగ్గర కంట్రోల్ ప్యానెళ్ళు బాగుచేస్తాను. జాలి కోసం ఈ మాట చెప్పడం లేదు. పని మీద మా పాత ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే తల తిప్పుకోను. తిన్నగా చూస్తూనే వెళ్తాను.

షెడ్డు పోవడానికి కారణం ఒక ప్రమాదం. అప్పన్న అనే పనివాడి కుడిచెయ్యి మోచేతి వరకూ కాలిపోయి, తీసేయాల్సి వచ్చింది. లోపల మంట ఉండగానే ఫర్నేస్ తలుపు తెరుచుకుంది. ఆ ఫర్నేస్‌ను నడిపే ప్రోగ్రాం మా నాన్న సొంతంగా రాసింది. వేడి తగ్గేవరకూ తలుపు తెరుచుకోకుండా ఆపే లైను అందులో ఉండేది. ఆ రోజు అది పనిచేయలేదు. నాన్న అందరి ముందూ తప్పు ఒప్పుకుని, అన్నీ అమ్మేసి, మూడేళ్ళకు పోయారు. బాబుగారి ప్రోగ్రాం అప్పన్న చెయ్యి తినేసిందని గమ్హరియాలో పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు.

ఇరవై రెండేళ్ళుగా నాకు మింగుడు పడని మాట అది. నాన్న రాతలో తప్పు ఉండదు. ఆయన పద్ధతి అలాంటిది. ప్రోగ్రాంలో ఎవరు ఏది మార్చినా పాత లైను చెరపకూడదు. మార్పుల పట్టీలో తిథి, వారం, చేసిన మార్పు, చేసినవాళ్ళ పేరు రాయాలి. కంప్యూటర్‌లో తెలుగు లేని రోజులవి కాబట్టి, భాద్రపద బహుళ షష్ఠి అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవారు. పేరు వెయ్యకుండా మార్చడాన్ని దొంగతనమనేవారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రమాదానికి ముందురోజు, బుధవారం, విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టరు. కంప్యూటరు కూడా పనిముట్టే, దాని జోలికి వెళ్ళొద్దని నాన్న నాతో చెప్పి, చుట్టాలను తీసుకురావడానికి టాటానగర్ స్టేషన్‌కు వెళ్ళారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆడవాళ్ళు ఫర్నేస్ తలుపు లోపలివైపు బొట్టు పెడతామన్నారు. వేడిని కొలిచే తీగను శుభ్రం చేయడానికి విప్పి ఉంచడం వల్ల, చల్లగా ఉన్న ఫర్నేస్ కూడా ప్రోగ్రాంకి వేడిగానే కనబడుతోంది. తలుపు రావడం లేదు. నేను కూర్చుని ఆ లైనును ఆపాను. తలుపు తెరుచుకుంది, బొట్టు పెట్టారు. తర్వాత లైనును మళ్ళీ మామూలుగా చేసే లేచాను. అలాగే నాకు గుర్తు. పట్టీలో మాత్రం రాయలేదు. రాస్తే పూజ రోజున ముట్టుకున్నానని తెలిసిపోతుంది.

కిందటేడు అప్పన్న కూతురు లలిత ఫోన్ చేసింది. ఆదిత్యపూర్‌లో ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఇప్పుడు వాళ్ళ ఫ్లాటు కద్మాలో. మా నాన్న పోయేముందు అప్పన్న చేతికి ఇచ్చిన ఫ్లాపీలు ఒక రేకుడబ్బాలో దొరికాయనీ, వాటిని చదివించి, ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ సోర్స్ కోడ్ దాచుకునే ఒక వెబ్‌సైటులో రిపోజిటరీగా పెట్టాననీ చెప్పింది. పాడైపోకుండా ఉంటుందని పెట్టిందట. మా నాన్న రాత నన్నడగకుండా ఊరందరికీ పెట్టడమేమిటని నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు. నాకు కావలసిన రుజువు అందులోనే ఉంటుంది. ఆ లైను సరిగ్గా ఉంటే నాన్న పేరు మీద మచ్చ పోతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచాను. రిపోజిటరీ నుంచి కోడ్ దించుకోవడం నాకు రోజూ ఉండే పనే. ఆ పేజీలో పదకొండు ఫైళ్ళు కనబడ్డాయి. అన్నీ కలిపి జిప్‌గా డౌన్‌లోడ్ చేసి విప్పాను. ఫోల్డర్‌లో పన్నెండున్నాయి.

తప్పు లెక్కపెట్టాననుకుని పేజీని పక్కన పెట్టి ఒక్కొక్కటీ పోల్చాను. పేజీలో లేని ఫైలు ఒకటి ఉంది. అది మార్పుల పట్టీ. ప్రతి వరుసలోనూ తిథి, వారం, మార్పు, చివర పేరు. ఆఖరి వరుస ఇలా ఉంది: భాద్రపద బహుళ షష్ఠి, బుధవారం, సాయంత్రం నాలుగు. తలుపు లైను ఆపబడింది. తిరిగి పెట్టలేదు.

పేరుండాల్సిన చోటు ఖాళీ.

ప్రోగ్రాం ఫైలు తెరిచి చూస్తే తలుపు లైను నిజంగానే ఆపి ఉంది. ఆ ఫోల్డర్ చెరిపేసి మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను. పన్నెండు. బ్రౌజరు మార్చాను. ఫోన్ నెట్‌తో చేశాను. ఆఫీసు కంప్యూటర్‌లోనూ చేశాను. పన్నెండే. పేజీలో మాత్రం ఎప్పుడు చూసినా పదకొండే. దాచిన ఫైలేమోనని వెతికాను, కాదు. ఆ వారమంతా నేను సరిగ్గా తిన్నది లేదు. ఒక ప్యానెల్‌లో రెండు తీగలు తారుమారుగా బిగించి కాంట్రాక్టరు చేత మాటపడ్డాను. బోల్టులు కనబడితే బోల్టులు, మెట్లు ఎక్కితే మెట్లు లెక్కపెడుతున్నాను. పదకొండు దగ్గర ఆగడం చేతకావడం లేదు.

చివరికి లాప్‌టాప్ పట్టుకుని కద్మా వెళ్ళాను. ఎవరింటికైనా నన్ను పిలిస్తేనే వెళ్ళే అలవాటు. ఆ రోజు పిలవకుండానే వెళ్ళాను.

అప్పన్న బాల్కనీలో కుర్చీలో ఉన్నాడు. లేవబోయాడు. వద్దన్నాను.

“కూకోండి చినబాబూ. ఏటలా నిలబడిపోనారు? మాకాడ కుర్చీలకి చేతులున్నాయి, నాకే లేదు గానీ.”

ఆ మాటకు తనే నవ్వాడు. నేను కూర్చున్నాను. కానీ నవ్వలేకపోయాను.

లలితకు విషయమంతా చెప్పకుండా, డౌన్‌లోడ్‌లో తేడా వస్తోందని మాత్రం చెప్పాను. ఆమె తన కంప్యూటర్‌లో దించింది.

“మేరే మే తో గ్యారహ్ హీ హై, భయ్యా” అంది.

“పదకొండని తెలుగులో సెప్పవే. బాబుగారింటి బిడ్డ ముందర హిందీ యేటి?” అన్నాడు అప్పన్న.

తర్వాత ఆమె నా లాప్‌టాప్ మీద తన చేత్తో దించింది. పదకొండు. అదే లాప్‌టాప్ మీద, అదే పేజీలో, నేను నొక్కాను. పన్నెండు. ఇలా మూడుసార్లు చేశాం. రెండు జిప్‌ల సైజూ ఒక్క బైటు తేడా లేకుండా సమానం. ఆమె నావైపు చూడకుండా ఆ పన్నెండో ఫైలు తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఇది ఫ్లాపీల్లో లేదని, ప్రతి ఫైలూ తనే ఎక్కించానని చెప్పింది. ఎక్కించే అనుమతి ఆమెకొక్కదానికే ఉంది.

“ఇక్కడ పేరెందుకు లేదు, భయ్యా?” అని అడిగింది.

అప్పన్న వైపు తిరిగి, విశ్వకర్మ పూజ రోజు నేను చేసింది మొత్తం చెప్పాను. తిరిగి పెట్టాననే ఇన్నేళ్ళూ అనుకున్నానని, పెట్టలేదని ఇప్పుడు తెలిసిందని చెప్పాను. నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పే మాట కాదది.

అప్పన్న తన ఖాళీ చొక్కా చేతిని సర్దుకున్నాడు.

“ఆ రోజు పెదబాబు ఆస్పత్రికొచ్చి నా మంచం కాడ కూకున్నారు. తప్పు మా ఇంటిది అప్పన్నా అన్నారు. నాది అన్నేదు. మా ఇంటిది అన్నారు. ఆ ఇంట్లో కంపూటరు ముట్టేవోళ్ళు ఇద్దరే కదా. నాకప్పుడే ఎరుక.”

మరి ఇన్నేళ్ళలో నన్నెందుకు అడగలేదన్నాను.

“అడిగితే మీరు సెప్పుదురేటి?”

లలిత లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. మా షెడ్డు పనివాళ్ళ ఇళ్ళలో మా ఇంటివాళ్ళు ఎప్పుడూ ఏమీ తాగలేదు. నేను తాగాను. వచ్చేటప్పుడు అప్పన్న తలుపు దాకా వచ్చాడు. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు. “మల్లీ రండి” అన్నాడు, అంతే.

ఇంటికి వచ్చాక ఆ ఫైలు తెరిచాను. నెట్ ఆపే ఉంచాను, ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. ఆఖరి వరుసలోని ఖాళీలో ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు కొట్టి, సేవ్ చేసి, లాప్‌టాప్ మూశాను. ఎవరికీ పంపలేదు. ఎక్కడా ఎక్కించలేదు. ఎక్కించడానికి నాకు అనుమతే లేదు.

మర్నాడు పొద్దున నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే లలిత ఫోన్ చేసింది.

“భయ్యా, ఆప్‌నే కుఛ్ డాలా క్యా?” అని, వెంటనే తెలుగులో అడిగింది. “మీరేమైనా పెట్టినారా? ఇప్పుడు నాకు కూడా పన్నెండు కనబడతన్నాయి.”

పేజీలోనే ఉందట. ఆఖరి వరుసలో మా ఇంటిపేరుతో నా పూర్తి పేరు ఉందట. చదివి వినిపించింది. ఒక్క అక్షరం తేడా లేదు. రిపోజిటరీలో ఏ ఫైలు ఎప్పుడు వచ్చిందో, ఎవరు మార్చారో తెలిపే చిట్టా ఉంటుంది. దాంట్లో కొత్తగా ఏమీ లేదు. ఆ ఫైలు మొదటి రోజే, మిగతా పదకొండింటితో కలిసి వచ్చినట్టుంది. ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. అంటే చిట్టా ప్రకారం నా పేరు మొదటి నుంచీ అక్కడే ఉంది.

ఇది ఎవరైనా చూడొచ్చు, తీసేయమంటారా అని లలిత మెల్లగా అడిగింది. మా ఇంటిపేరు తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారని ఆమెకు తెలుసు.

ఉంచమన్నాను.

ఈ రంగంలో నాకంటే తెలిసినవాళ్ళు ఇద్దరిని అడిగాను. ఒకరు బ్రౌజరులో మిగిలిపోయిన పాత నకలన్నారు, ఒకరు నేనే పంపి మరిచిపోయి ఉంటానన్నారు. రెండూ కుదరవు. నా దగ్గర కూడా కుదిరే జవాబు లేదు. ఈ మధ్య బోల్టులూ మెట్లూ లెక్కపెట్టడం తగ్గింది గానీ, నెలకోసారి ఆ పేజీ తెరిచి డౌన్‌లోడ్ నొక్కుతాను. జిప్ విప్పి లెక్కపెడతాను.

పన్నెండు. నాకూ, అందరికీ.