డెబ్బై ఐదు చెంచాల ఉప్పు

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. నల్లబల్ల మీద ఒక్క కూడిక తప్పు వేయలేదు. అట్లాంటి నేను, ఉద్యోగం దిగిన ఒక సంవత్సరం రెండు నెలలకు, తొర్రూరు కూడలిలో, పట్టపగలు, వంద మంది నోళ్లు ఒకేసారి పాడుచేశాను. ఎట్లాగో చెబుతాను. భోంచేస్తూ చదివేవాళ్లు ముందు చెయ్యి కడుక్కుని రండి.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు లేచిన కాలం. తొర్రూరు అప్పుడింకా వరంగల్ జిల్లాలోనే ఉంది. కూడలిలో మగవాళ్ల టెంటు పెద్దది, మా ఆడవాళ్లది చిన్నది. మా టెంటు బాధ్యత నలుగురిది. బట్టలు కుట్టే ఖాలిదా, దంతాలపల్లి నుంచి బస్సులో వచ్చే కూలి మనిషి మరియమ్మ, గుడివాడ వైపు నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడే తెలుగు చెబుతున్న సుజాత టీచరు, నాలుగో మనిషి నేను. మిగతా ముగ్గురికీ పెద్దను కూడా నేనే. నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. నోటుపుస్తకం నా చేతిలో ఉండేది, అంతే.

రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి, రోడ్డు మీదే బంతులు తీరి తినే నిరసనను వంటావార్పు అనేవాళ్లం. ఆ పని మేం చేస్తామన్నాను. మగవాళ్ల టెంటు పెద్ద, ఎరువుల దుకాణం యాదగిరి, నవ్వాడు.

"టీచరమ్మా, మీరు నలుగురు నాలుగు తీర్లు. ఒకరు మసీదు, ఒకరు చర్చి, ఒకరు ఆంధ్ర, మీరేమో ఎక్కాల పుస్తకం. మీతోని మూడు వందల మందికి వంట అయితదా?"

"అయితది. కాకుంటే మా టెంటు ఇప్పి మీ దాంట్ల కలుపుకో."

అనేశాను. అనేశాక మరియమ్మ మొహం చూశాను. మగవాళ్ల టెంట్లో మైకు ఆడవాళ్ల దాకా వచ్చేది కాదు. పుట్టి నలభై ఏళ్లకు మరియమ్మ మొదటిసారి మైకు పట్టింది మా చిన్న టెంట్లోనే. "అక్కా, గా టెంటు పోతే నేను మళ్ల కూలికాడనే మాట్లాడాలె," అంది మెల్లగా. నేను వినలేదు. కట్టెల లెక్క వేస్తున్నాను.

పక్కాగా వేశాను మరి! నోటుపుస్తకంలో పదకొండు గడులు గీశాను. కట్టెలు, వంట గంజులు, ఇస్తారాకులు, నీళ్లు, నీడ ఎన్ని గంటలకు ఎటు తిరుగుతుంది, బస్సులు ఎప్పుడు ఆగుతాయి. విలేకరికి శుక్రవారమే వీలు కాబట్టి ఆగస్టు రెండో శుక్రవారం అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

"అక్కా, శుక్రవారమా?" అంది ఖాలిదా.

"అవు. ఏమన్నా ఉంటే చివరికి చెప్పాలె."

"అది కాదండీ..." అంది సుజాత.

"చివరికన్న గద!"

చివరికి వచ్చేసరికి మరియమ్మ బస్సు టైమైంది. సమావేశం ముప్పై నిమిషాల్లో ముగిసిందని పుస్తకంలో గర్వంగా రాసుకున్నాను.

శుక్రవారం రానే వచ్చింది. తొమ్మిది గంటల పది నిమిషాలకు పొయ్యిలు వెలిగాయి. బగారన్నం, పప్పుచారు. ఖాలిదా మసాలా వేస్తే రోడ్డు అవతల బస్సు దిగినవాళ్లు ఇటే నడిచారు. మరియమ్మ ఒక్కతే రెండు గంజులు దించింది. నేను ఉప్పు డబ్బా, చెంచా పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"గిదేందక్కా, ఉప్పు గూడ లెక్కవెడతరా? చెయ్యి చెప్తది," అంది ఖాలిదా.

"చెయ్యి చెప్పదు, లెక్క చెప్తది. ఇంట్ల మా ఇద్దరికి అర చెంచా. మూడు వందల మందికి డెబ్బై ఐదు. అడ్డం మాట్లాడకు, నలభై రెండు కాడ ఉన్న."

పదకొండూ నలభైకి రుచి చూడాల్సి వచ్చింది. గంటెలో కొంచెం చారు తీసుకుని ఖాలిదా ముందు పెట్టాను.

"జర ఉప్పు చూడు."

"రోజా ఉన్న గద అక్కా. రంజాన్ నెల."

ఆ సంగతి నాకు తెలుసు. వండడానికి చేతులు చాలు కదా అనుకున్నాను, రుచి చూడడానికి నోరు కావాలన్నది గుర్తురాలేదు. గంటె మరియమ్మ వైపు తిప్పాను.

"ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన అక్కా. పొద్దుగూకేదాక నీళ్లు గూడ ముట్ట."

గంటె సుజాత దగ్గరికి పోయింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఈవాళ వరలక్ష్మీ వ్రతమండీ. ఇంకా పూజ కాలేదు. నైవేద్యం పెట్టకుండా ఎట్లా రుచి చూస్తాను?"

మా ఇంట్లో ఆ ఆనవాయితీ లేదు. నాకు కాళ్ల కింద తారు రోడ్డు కరిగినట్టయింది. పదకొండు గడులు గీసిన దాన్ని, తినేదెవరో తిననిదెవరో అడగడానికి ఒక్క గడి గీయలేదు.

"మరి ఒక్కరన్న ముందుగాల చెప్పొద్దా?" అని అరిచాను.

"నా ఒక్కదాని కోసం అందరికి అడ్డం ఎందుకని ఊకున్న," అంది మరియమ్మ.

"నేను గూడ గదే అనుకున్న," అంది ఖాలిదా.

"నేను వద్దంటే ఆంధ్రావిడ అడ్డుపడిందంటారని..." సుజాత కళ్లు తుడుచుకుంది. పొగకు కాదు.

చేసేది లేక చారు నేనే రుచి చూశాను. చప్పరించాను. ఇంకో గుటక వేశాను. "బరాబర్ ఉన్నది," అని తీర్పు చెప్పాను.

మీకు ఒక సంగతి చెప్పలేదు. మా ఇంటాయనకు బీపీ. అప్పటికి తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఉప్పు పేరుకే వేస్తాం. ఆ అర చెంచా బీపీ మనిషి అర చెంచా. తీర్పు చెప్పిన నాలుక ఆ కూరలు తిన్న నాలుకే.

పన్నెండున్నరకు మొదటి బంతి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లోకి పోయింది. అప్పటిదాకా నినాదాలతో దద్దరిల్లిన కూడలి పరీక్ష హాలులా నిశ్శబ్దమైంది. వంద మంది నా వంక చూశారు.

యాదగిరి ముద్ద మింగి, నీళ్లు తాగి అన్నాడు: "టీచరమ్మా, గిది వంటావార్పా, దవాఖాన బువ్వనా?"

మరియమ్మ మా టెంటు వైపు చూసింది. తాళ్లకు ఎన్ని ముడులు ఉన్నాయో లెక్కపెడుతున్నట్టు చూసింది. ఆ చూపుకు నేను చచ్చిపోయాను.

ఖాలిదా నన్ను అడగలేదు. ఉప్పు బస్తా విప్పి, గుప్పెట్లతో నీళ్లలో కలిపి, గంజుల్లో పోసి తిప్పింది. "చెయ్యి చెప్తది" అన్న చెయ్యి అదే. సుజాత నాలుగిళ్లు తిరిగి బిందెల్లో మజ్జిగ, జాడీలో ఆవకాయ తెచ్చింది. మరియమ్మ పళ్లెంలో ఉప్పు పట్టుకుని బంతుల వెంట తిరిగింది. "అన్నా, ఎంత గావాలె? బాపూ, ఇంకింతనా?" ముగ్గురి కడుపులోనూ పచ్చి నీళ్లు లేవు. రెండో బంతికి మారు అడిగారు. మూడో బంతికి గంజు అడుగు గీకాం.

అప్పుడు వచ్చాడు విలేకరి. "అక్కలు నలుగురు కలిసి తింటున్న ఫోటో గావాలె!"

ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. నాకేమో పొద్దున్నుంచి ఆకలి. కూర్చున్నాను.

మర్నాడు యాదగిరి పేపరు పట్టుకుని మా టెంటుకు వచ్చాడు. పెద్ద ఫోటో. ఉప్పు పళ్లెం, మజ్జిగ బిందె, గంటె పట్టుకుని ముగ్గురు నిలబడి ఉన్నారు. నడుమ నేను, నిమ్మకాయంత బుగ్గతో, నోటి నిండా అన్నంతో. కింద పెద్ద అక్షరాలు: తాము పస్తులుండి వందలాది మందికి అన్నం పెట్టిన తొర్రూరు మహిళలు.

"పస్తులున్న అక్కలల్ల గీ బుగ్గ ఎవలదే?" అన్నాడు యాదగిరి. టెంటంతా పడి పడి నవ్వింది. అందరికంటే ఎక్కువ మరియమ్మ నవ్వింది, మైకులో. తర్వాత యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "టెంటు ఉంటది. మైకు గూడ ఉంటది. ఉప్పు మాత్రం ఖాలిదా చేతిల ఉండాలె."

ఆ సాయంత్రం నోటుపుస్తకంలో పన్నెండో గడి గీశాను. దాని పైన "ముందు అడుగు" అని రాశాను. కింద నా ప్రమాణం రాసి, సంతకం పెట్టి, ముగ్గురి చేత సాక్షి సంతకాలు కూడా పెట్టించాను. రంజాను, వరలక్ష్మీ వ్రతం, శుక్రవారం కలిసిన రోజున నేను పొయ్యి వెలిగించను. అప్పుడు నాకు యాభై తొమ్మిది. నేను వేసిన లెక్క ప్రకారం, వచ్చే ఏడు ఒక్కసారి తప్పిస్తే, అవి మళ్లీ కలిసేసరికి తొంభై దాటుతాయి. ఆ రోజుకు నేను ఉన్నా సరే, ఉప్పు డబ్బా మాత్రం నాకు అందని అరలో పెట్టండి.